బ్రిస్టలు నీలి గాజు: పేరునకును ప్రమాణమునకును గల దూరము

ఇంగ్లండు దేశమున పాతవస్తువుల అంగళ్ళలో ముదురు నీలిరంగు గాజుపాత్ర యేది కంటబడినను, దానికి అంటించిన చీటిమీద ‘బ్రిస్టలు’ అను పేరుండుట పరిపాటి. మద్యము పోసి యుంచు మూతసీసాలు, భోజనానంతరము వ్రేళ్ళు కడుగుకొను గిన్నెలు, వెండి ఉప్పుగిన్నెల లోపల నమర్చు నీలి తొడుగులు, అత్తరుబుడ్లు, అన్నిటికిని ఒకే పేరు. సేకర్తలు ఆ పేరును నమ్మి అధికమైన వెల యిత్తురు. గ్రంథకర్తలు ఛాయాచిత్రము క్రింద ఆ పేరునే ముద్రింతురు. ఆ గ్రంథమును చూచి మరియొక అంగడివాడు మరియొక పాత్రకు అదే చీటి అంటించును. ఈ చక్రము తిరుగనారంభించి నూరేండ్లు దాటినది. ఫలానా పాత్ర బ్రిస్టలు నగరముననే తయారైన దనుటకు ప్రమాణ మేదియని అడిగినవారు చాలకాలము వరకు తక్కువ. అడిగినవారికి లభించిన సమాధానము అంతకన్న తక్కువ.

వస్తువునకు పేరు వచ్చు మార్గములు అనేకములు. తెలుగువారికి గాజన్నచో మొదట స్ఫురించునది ముంజేతి గాజు. ఇచట ద్రవ్యము పేరే ఆభరణమునకు పేరైనది. ఇట్టి పేళ్ళలో పొరపాటునకు అవకాశము కొంచెము. ఊరిని బట్టి వచ్చు పేళ్ళ సంగతి వేరు. చీరాల, వేటపాలెము ప్రాంతముల నేతగాండ్రు మగ్గముమీద నేసిన గళ్ళ రుమాళ్ళు ఓడ లెక్కి పశ్చిమాఫ్రికా చేరి, అచ్చట ‘మద్రాసు చేతిరుమాళ్ళు’ అను పేర ప్రసిద్ధి కెక్కినవి. నేసిన చేతు లొక యూరివి, పేరు మరియొక రేవుది. కొన్నవారికి దీనివలన నష్టము లేకపోవచ్చును. నేసినవారికి మాత్రము తమ యూరి పేరు దక్కలేదు. నీలి గాజు విషయమునను జరిగినది ఇంచుమించు ఇదియే.

బ్రిస్టలు గాజుపరిశ్రమకు పుట్టినిల్లు కాదనుట యిచటి యుద్దేశము కాదు. పదునెనిమిదవ శతాబ్ది ప్రథమపాదమున ఆ నగరమును వర్ణించిన డానియల్ డీఫో అచట పదునైదు గాజుకొలుములు గలవనియు, లండనులో సైతము అన్ని లేవనియు వ్రాసెను. శంఖాకారముగా ఆకాశమున కెగసిన ఇటుకల కట్టడములు ఆ నగరమునకు గుర్తుగా నుండెడివి. అయితే ఆ కొలుములలో అధికభాగము పోతపోసినది నీలిగాజు కాదు. సీసాలకు పనికివచ్చు ముదురు ఆకుపచ్చ గాజును, కిటికీలకు వలయు పలుకగాజును. ఊటనీరు, సారాయి మున్నగునవి నింపి దేశాంతరములకు పంపుటకు రేవుపట్టణమునకు సీసాలు కావలసి యుండెను. రంగుగాజు ఆ వ్యాపారమున చిన్న శాఖ మాత్రమే.

ఇక ఆ గాజు స్వభావ మెట్టిది? 1674లో జార్జి రేవెన్సుక్రాఫ్టు లండనులో తన గాజునకు రాజశాసనమును బడసి, పిదప దానికి సీసపు భస్మమును చేర్చు విధానమును నెలకొల్పెను. అది మొదలు ఇంగ్లండు మేలిరకపు గాజు బరువైనదిగను, మెత్తగా కోతకు లొంగునదిగను, కాంతిని విరజిమ్మునదిగను ప్రఖ్యాతి గాంచినది. సీసము గలిసినది గనుక సీసా యను పేరు వచ్చినదని మనలో కొందరు పిల్లలకు చెప్పుట కలదు. అది సరికాదు. సీసము సంస్కృతము, సీసా పారసీక శబ్దమగు శీశా నుండి వచ్చినది. రెండు మాటలు ఒకే తీరున వినబడినంత మాత్రమున ఒకే వంశమునవి కావు. రెండు పాత్రలు ఒకే రంగున కనబడినంత మాత్రమున ఒకే కొలిమిలోనివి కానట్లే.

నీలిరంగు కోబాల్టు వలన కలుగును. వేయిపాళ్ళ గాజునకు ఒక పాలు కోబాల్టు భస్మము చేరినను రంగు చిక్కగా దిగును. పదునెనిమిదవ శతాబ్దిలో ఈ ద్రవ్యమునకు ముఖ్యమైన ఆకరము జర్మనీలోని సాక్సనీ గనులు. పింగాణీ పనికై 1768లో శాసనము బడసి, 1770లో ప్లిమత్తునుండి బ్రిస్టలునకు తరలిన విలియం కుక్వర్దీ సాక్సనీ నీలిద్రవ్యమును దిగుమతి చేయించెననియు, తక్కిన ఊళ్ళ గాజుపనివారు దానిని బ్రిస్టలునుండియే కొనుచుండిరనియు, అందువలన ఆ నీలిమకే ఆ పేరు స్థిరపడెననియు ఒక కథ ప్రచారమున నున్నది. ఈ కథనే నమ్మినను ఫలిత మేమి? బ్రిస్టలు అనునది రంగునకు పేరు గాని, తయారైన చోటునకు పేరు కాదని తేలును. పేరును సమర్థించుటకై చెప్పిన కథయే చీటిమీది వ్రాతను కొట్టివేయుచున్నది. ఈ సంగతిని గమనింపక ఒకే పుటలో కథను, చీటిని రెండింటిని వ్రాసిన పుస్తకములు లేకపోలేదు.

నిస్సందేహమైన ప్రమాణము లేనేలేదా యన్నచో, కలదు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టునుండి వచ్చి బ్రిస్టలులో స్థిరపడిన లాజరస్ జేకబ్సు అను యూదుడు గాజువ్యాపారము నడపి 1796లో మరణించెను. ఆతని కుమారుడు ఐజాక్ జేకబ్సు 1805లో ‘నాన్ సచ్’ అను పేర గాజుకర్మాగారమును నెలకొల్పెను. ఈతడు తన పాత్రల అడుగున బంగారు అక్షరములతో ‘ఐ. జేకబ్సు, బ్రిస్టలు’ అని వ్రాయించెను. వ్రేళ్ళు కడుగు గిన్నెలు, వాని క్రింది పళ్ళెరములు, సీసాలు పెట్టు పీటలు మున్నగునవి ఇట్టి సంతకముతో నేటికిని నిలిచియున్నవి. అంచున గ్రీకుల మెలికల బంగారు గీత, నడుమ నొక చిన్న ముద్ర, మిగిలిన దంతయు చిక్కని నీలిమ. అలంకారము మితము, అందము మిక్కుటము. 1820 ప్రాంతమున ఈతడు దివాలాతీసెను. సంతకమున్న ఈ కొద్దిపాత్రలు బ్రిస్టలు నీలిగాజు చరిత్రకు పునాదిరాళ్ళు. దురదృష్టవశమున పునాది చిన్నది, దానిపై లేచిన మేడ పెద్దది.

సంతకము లేని పాత్రలను సంతకము గలవానితో పోల్చి, పోలికను బట్టి జేకబ్సునకు అంటగట్టుట తరువాతి మెట్టు. పోలిక అనునది సాహిత్యవిమర్శకును పరిచితమైన సాధనమే. కర్త పేరు లేని పద్యమును శైలిని బట్టి ఒక కవికి కట్టిపెట్టుటలో నున్న ప్రమాదమే ఇచటను కలదు. ఆనాడు ప్రచారమున నున్న శైలి యొకరి సొత్తు కాదు. 1790 ప్రాంతమున భుజములు జారిన నీలి మూతసీసాలు ఇంగ్లండంతట వాడుకలోనికి వచ్చినవి. వానిమీద బంగారముతో ద్రాక్షగుత్తుల నడుమ రమ్ము, బ్రాందీ, హాలెండ్సు అను పేళ్ళు వ్రాసి, ఆయా పేళ్ళ మొదటి అక్షరమును మూతమీద గుర్తించుట ఆనవాయితీ. లండను, వారింగ్టను, న్యూకాసిలు, స్టౌర్‌బ్రిడ్జి మున్నగు గాజుకేంద్రములకు ఈ శైలి అందరానిది కాదు. బంగారుపూత పూయువారు గాజు నూదువారే కానక్కరలేదు. ఊదుట యొక యూరిలో, పూత మరియొక యూరిలో జరిగినచో ఆ పాత్ర ఏ యూరిది?

ఈ చివరి ప్రశ్నకు మైకేల్ ఎడ్కిన్సు చరిత్ర మంచి ఉదాహరణము. ఈతడు బ్రిస్టలులో రంగులద్దు పనివాడు. 1762 మొదలు 1787 వరకు తాను చేసిన పనులను, పుచ్చుకొన్న కూలిని ఒక పుస్తకమున వ్రాసియుంచెను. ఆ జమాఖర్చు పుస్తకము దక్కినది. అందులో పాలగాజుపాత్రలకును నీలిగాజుపాత్రలకును రంగు, బంగారము పూసినట్లు పద్దులు కలవు. పందొమ్మిదవ శతాబ్దిలో ఎడ్కిన్సు వంశీయులే సేకర్తలై, తాతగారి పేర కొన్ని పాత్రలను చూపిరి. అంతటితో ఇంగ్లండులో పూలు, పక్షులు చిత్రింపబడిన పాలగాజు యెక్కడ కనబడినను అది ఎడ్కిన్సు చేతిపని యయ్యెను, కనుక బ్రిస్టలుది యయ్యెను. పద్దులో వ్రాసిన పాత్ర ఇదియేనని చూపగల లంకె మాత్రము ఎవరికిని దొరకలేదు. పద్దున్నది, పాత్రయున్నది, రెంటికిని నడుమ నున్నది ఊహ. 1954లో రాబర్టు చార్లెస్టను ఈ సమస్యను తీసికొని, ఎడ్కిన్సు పేర చలామణి యగుచున్న పాత్రలను తిరిగి పరిశీలించెను. ఆ పిమ్మట పాలగాజులో చాలభాగము స్టాఫర్డుషైరు మున్నగు ప్రాంతములకు మరలిపోయినది. లండనులో పింగాణీకిని గాజునకును బంగారుపూత పూయించిన జేమ్సు గైల్సు పుస్తకము కూడ 1771 మొదలు 1776 వరకు దొరకుచున్నది. నీలిగాజుమీద గైల్సు పనిశాల బంగారు లతలు నేడు గుర్తింపబడినవి. అవియును ఒకప్పుడు ‘బ్రిస్టలు’ చీటితోనే అమ్ముడుపోయినవి!

ఈ దిద్దుబాటును కొందరు సేకర్తలు తమ సొత్తునకు కలిగిన నష్టముగా భావించిరి. గైల్సు మున్నగువారి దృష్టితో చూచినచో అది న్యాయము. తన చేతిపనికి తన పేరు రెండువందల యేండ్లకు పిదప దక్కినది.

ఇక ‘చూచి గుర్తుపట్టు’ విద్యను పరిశీలింపవలెను. సేకర్తలలో పరంపరగా వచ్చుచున్న లక్షణములు కొన్ని కలవు. అన్నిటికన్న ప్రసిద్ధమైనది: నిజమైన బ్రిస్టలు పాత్రను వెలుతురున కెత్తి చూచినచో నీలిమలో ఊదాచాయ తొంగిచూచు ననుట. ఇది ఆకర్షకమైన మాటయే గాని పరీక్షకు నిలువదు. కోబాల్టు కాంతిలోని పసుపును, నారింజను అడ్డగించి, నీలముతో పాటు ఎరుపు కొసను కొంత పోనిచ్చును. నీలము, ఎరుపు కలిసిన ఊదా కనబడక మానదు. ఇది కోబాల్టు గుణము. ఏ దేశమున, ఏ కాలమున చేసిన చిక్కని కోబాల్టు గాజులోనైనను ఇది యుండును. నిన్న చేసిన పాత్రలో సైతము కనబడును. పైగా పలుచని అంచు లేతగను, మందమైన అడుగు ముదురుగను తోచుటచే ఒకే పాత్ర రెండు రంగులదిగా భ్రమ గొల్పును. రంగును బట్టి ఊరిని నిర్ణయించుట నీటిరంగును బట్టి బావిత్రవ్వినవాని పేరు చెప్పుట వంటిది.

బరువు పరీక్ష దీనికన్న నిజమైనది. నీటితో పోల్చినపుడు సామాన్యపు సోడాగాజు సుమారు రెండున్నర రెట్లు, సీసపుగాజు మూడురెట్లో అంతకు కొంచెము మించియో తూగును. పాత్రను గాలిలోను నీటిలోను తూచి ఈ లెక్క కట్టవచ్చును. పాత్రకు హాని లేదు. బొహీమియా దేశపు పాతగాజున సీసము లేదు గనుక, ఇంగ్లండు పాత్రను దానినుండి వేరు చేయుటకు ఇది పనికివచ్చును. అయితే బ్రిస్టలును లండనునుండి వేరు చేయుటకు పనికిరాదు, రెండుచోట్లను సీసమే. వ్రేలితో మీటినచో గంటవలె మ్రోగుటయు నట్టిదే. మూసియున్న ఆకారము గల సీసా మ్రోగనే మ్రోగదు. ఈ భేదము తెలియక మంచిసీసాను నకిలీయని త్రోసిపుచ్చినవా రుండిరి.

అడుగుభాగము చూపు సాక్ష్యము మరింత విలువైనది. పాత్ర మూతిని సవరించునపుడు అడుగున అంటించి పట్టుకొను ఇనుపకడ్డీని పాంటిలు అందురు. దానిని విరిచివేసినచోట గరుకుమచ్చ మిగులును. పదునెనిమిదవ శతాబ్ది చివర మేలిరకపు పాత్రలలో ఆ మచ్చను సానపట్టి నునుపు చేయుట వాడుకయైనది. మచ్చ యున్నంతమాత్రమున ప్రాచీనత సిద్ధింపదు. నేటికిని చేతితో ఊదు పనివారు పాంటిలు వాడుచునే యున్నారు. అరుగుదల గీతలను చూడవలెను. రెండువందల యేండ్లు బల్లలమీద జరుపబడిన పాత్ర అడుగున, బల్లకు తగులు వలయముమీదనే, సన్నని గీతలు అన్ని దిక్కులకును అడ్డదిడ్డముగా నుండును. ఇసుకకాగితముతో రుద్దిన మోసగాని గీతలు ఒకే వాలున, ఒకే లోతున నుండును. బల్లకు తగులని పల్లములోను కనబడును. బంగారుపూతయు చేయి పట్టుచోట అరుగవలెను, పట్టనిచోట మిగులవలెను. మూతకును మెడకును సరిపడునట్లు చేసిన సాన ఒకదాని కొకటి అతుకవలెను. ఇవి యన్నియు కాలమును గూర్చి కొంత చెప్పును. ఊరిని గూర్చి ఒక్కటియు చెప్పదు. సేకర్తల పుస్తకములలోని ప్రధానదోష మిదియే: కాలమునకు సాక్ష్యమైన దానిని స్థలమునకు సాక్ష్యముగా లెక్కించుట.

ఇరువదవ శతాబ్దిలో పాతమాదిరుల ననుసరించి నీలి సీసాలు మరల విరివిగా తయారైనవి. 1988లో బ్రిస్టలు నగరముననే నీలిగాజు నూదుట పునఃప్రారంభమైనది. ఈ కొత్తపాత్రలకు బ్రిస్టలు పేరు చెందుటలో అభ్యంతరమునకు చోటులేదు. చిత్రమేమనగా, ఆ పేరు నిర్వివాదముగా చెల్లునవి పాతవానికన్న కొత్తవియే ఎక్కువ.

బ్రిస్టలునకు సమీపమున నున్న నెయిల్సీ కథయు ఇట్టిదే గనుక సంగ్రహముగా చెప్పినచాలును. 1788లో జాన్ రాబర్టు లూకాసు అచట నెలకొల్పిన కర్మాగారము 1873లో మూతబడెను. దాని ముఖ్యమైన పని కిటికీగాజు. కాని రంగుచారల గాజు అప్పడాలకర్రలు, గాజు చేతికర్రలు, జంటబుడ్లు మున్నగు వేడుకవస్తువులన్నియు నెయిల్సీవని లోకము నిశ్చయించినది. పనివేళ ముగిసిన పిదప కొలిమిలో మిగిలిన గాజుతో పనివారు వినోదమునకై ఇట్టివి చేయుట ఇంగ్లండు, స్కాట్లండు ప్రాంతముల ననేకచోట్ల నుండెను. ఒక్క యూరికే అంతటి తీరిక యెట్లు దొరకినదో ఎవరును ఆలోచింపలేదు.

పన్నుల చరిత్ర తెలియనిదే రంగుగాజు చరిత్ర తెలియదు. 1745 నాటి చట్టమువలన గాజుమీద బరువును బట్టి సుంకము పడినది. 1777లో సుంకము రెట్టింపై, అంతకుముందు తప్పించుకొన్న పాలగాజునకును వర్తించినది. సీసాలకు వాడు ముతక ఆకుపచ్చగాజుపై సుంకము తక్కువగా నుండుటచే, కూజాలు, గిన్నెలు మున్నగు ఇంటిసామానును ఆ గాజుతోనే చేయుట లాభకరమైనది. వానిలో చాల నేడు ‘నెయిల్సీ’ పేర చలామణియగుచున్నవి. సుంకపు ఉద్యోగులు కొలుముల యొద్దనే కాపుండెడివారు. కొత్తరంగులు ప్రయత్నించి చెడిన గాజునకు సైతము లెక్క చెప్పవలసిన దినములలో ప్రయోగమునకు ధైర్య మెవరికుండును? 1845లో సుంకము రద్దయినది. ఆరేండ్లలో, 1851 నాటి లండను మహాప్రదర్శనమున, ఇంగ్లండు గాజు ఇంద్రధనుస్సువలె రంగులు తేలినది. కనుక ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, పొరలుపొరలుగా రంగులు గల ఇంగ్లీషుపాత్ర కనబడినపుడు 1845కు పూర్వపుదని చెప్పువానిమీదనే నిరూపణభారము ఎక్కువగా నుండవలెను. చట్టపు తేది పాత్రమీద వ్రాసియుండదు గాని, దాని ఫలితము వ్రాసియుండును.

ఈ రెండవ యుగమున ఊరిపేళ్ళ స్థానమును అంగడిపేళ్ళు ఆక్రమించినవి. బంగారమును రాజద్రావకమున కరిగించి గాజున కలిపి, పాత్రను మరల వేడిచేసినపుడు ఎరుపు విచ్చుకొనును. విక్టోరియా కాలపు పనివారు దీనిని కెంపుగాజు అనిరి. నేటి సేకర్తలు ‘క్రాన్‌బెరీ’ అందురు. పాత జాబితాలలో క్రాన్‌బెరీ కొరకు వెదకువాడు నిరాశ చెందక తప్పదు. మరియొక చిత్రము బర్మా పేరు. పసుపునుండి గులాబికి క్రమముగా మారు గాజును అమెరికాలోని మౌంటు వాషింగ్టను గాజుకంపెనీ వారు 1885లో కనిపెట్టిరి. 1886లో స్టౌర్‌బ్రిడ్జి ప్రాంతపు తామస్ వెబ్ కంపెనీ అనుమతి పొంది ‘రాణిగారి బర్మీసు’ అను పేర తయారుచేసెను. విక్టోరియా రాణి ఆ రంగును బర్మా సూర్యాస్తమయముతో పోల్చె నని కథ. రంగూను రేవులో బరువులు మోసి బ్రతికిన తెలుగు కుటుంబములవారు ఈ పాత్రను చూచినచో దేనికీ పేరని ఆశ్చర్యపడుదురు. గాజులో నున్నది బంగారము, యురేనియము; బర్మా లేదు. ఆ రాజ్యము బ్రిటిషువారి వశమైనదియు 1885–86లోనే యగుటచే వార్తాపత్రికలలో మ్రోగుచున్న పేరు అంగడికెక్కి యుండునని ఊహింపవచ్చును. అయితే ఈ పేరు తయారీదారుడు పెట్టినది, పాత్ర అడుగున ముద్రింపబడినది. కనుక అర్థము లేకున్నను సాక్ష్యమునకు లోపము లేదు.

యురేనియము కలిసిన గాజు అతినీలలోహిత దీపపు కాంతిలో ఆకుపచ్చగా వెలుగును. నేడు ప్రతి సేకర్త జేబులోను ఈ చిన్నదీప ముండుట ఆచారమైనది. వెలిగిన ప్రతిపాత్రయు విక్టోరియా కాలపుదని తలంచుట ఆచారమునకు తోబుట్టువు. యురేనియపు గాజు బొహీమియాలో 1830 తరువాత విరివిగా తయారైనది, ఇంగ్లండులోను తయారైనది, ఇరువదవ శతాబ్దిలోను ఆగలేదు. దీపము ద్రవ్యమును చెప్పును, అంతే.

సాక్ష్యము స్థిరముగా నిలిచినది ఎవరును మొదట విలువ యీయని చౌకగాజునందు. అచ్చులో పోసి యంత్రముతో నొక్కిన గాజునకు ఈశాన్య ఇంగ్లండు కేంద్రము. గేట్స్‌హెడ్‌లోని సవర్బీవారు 1876 నుండి నెమలితల ముద్ర వేసిరి. అదే యూరి డేవిడ్సనువారి ముద్ర బురుజుపై సింహము; సండర్లండులోని గ్రీనరువారిది మొదట నక్షత్రము పట్టిన సింహము, పిదప గొడ్డలి పట్టిన సింహము. డేవిడ్సనువారు 1889లో ‘పెర్లైను’ అను పేర, అంచున పాలవలె తెల్లనై క్రిందికి నీలమో పసుపో అగు గాజును వెలువరించిరి. కూలివారి ఇండ్లలో చక్కెర గిన్నెగా, వెన్న పళ్ళెముగా వాడబడిన ఈ పాత్రల జన్మవృత్తాంతము ప్రభువుల బల్లలమీది నీలిగిన్నెల వృత్తాంతముకన్న స్పష్టముగా తెలియుచున్నది.

ఇచటను ఒక వల కలదు. 1842 మొదలు 1883 వరకు ఇంగ్లండులో ఆకృతులను ప్రభుత్వమున నమోదు చేయించినవారు పాత్రపై వజ్రాకారపు ముద్ర వేసెడివారు. ముద్ర తలపైనున్న చిన్నవలయమున రోమను అంకె మూడు గాజునకు గుర్తు. ముద్ర నాలుగు మూలలలో సంవత్సరము, మాసము, దినము, కట్ట సంఖ్య యుండును. 1867 వరకు సంవత్సరపు అక్షరము పైమూలలో నుండెను. 1868లో అక్షరముల వరుస మరల మొదటికి వచ్చుటచే సంవత్సరము కుడిమూలకు జరుపబడినది. ‘ఎక్స్’ అను అక్షరము పైన నున్నచో 1842, కుడిప్రక్క నున్నచో 1868. మూల చూడక అక్షరమును మాత్రమే చూచినవానికి ఇరువదియారేండ్ల పొరపాటు తప్పదు. 1884 నుండి వజ్రముద్ర పోయి వరుససంఖ్యలు వచ్చినవి. 1890 ఆరంభమునకు అవి 1,41,000 దాటినవి. ఈ నమోదు పుస్తకములు లండను శివారునందలి క్యూలో జాతీయ పత్రాగారమున నున్నవి. అయినను ముద్ర చెప్పునది ఆకృతి నమోదైన దినము గాని, పాత్ర తయారైన దినము కాదు. అచ్చు నిలిచినన్ని యేండ్లు పాత్రలు వచ్చుచునే యుండును. మూతబడిన కంపెనీల అచ్చులను పొరుగువారు కొని వాడుకొనిరి. డేవిడ్సనువారును అట్లు కొన్నవారే. ‘1872 నాటి పాత్ర’ అని చీటి వ్రాయుటకు బదులు ‘1872లో నమోదైన ఆకృతి’ అని వ్రాయుట సత్యమునకు సమీపము. ఈ చిన్నభేదమును పాటించు అంగళ్ళు అరుదు.

గ్రంథముల విషయమున రెండు తరములవారి పద్ధతులు పోల్చిచూడదగినవి. 1897లో ఆల్బర్టు హార్ట్‌షోర్ను పాత ఇంగ్లీషు గాజునుగూర్చి బృహద్గ్రంథము వెలువరించెను. 1929లో థార్పు వ్రాసిన చరిత్ర సేకర్తలకు పాఠ్యగ్రంథమైనది. ఈ తొలితరమువారి కన్ను సూక్ష్మము, భాష మధురము. పాత్రను చూచి దాని యుగపు మనస్తత్త్వమును చెప్పగల ప్రతిభ థార్పునకు కలదు. అయితే వారి దృష్టి అంతయు రంగులేని సీసపుగాజుపై నుండుటచే పందొమ్మిదవ శతాబ్దిని చివరి అధ్యాయముగా త్రోసివేసిరి. లండనులోని విక్టోరియా ఆల్బర్టు మ్యూజియమున పనిచేసిన హ్యూ వేక్‌ఫీల్డు 1961లో ఆ శతాబ్దమునకే ప్రత్యేకగ్రంథము వ్రాసి, నమోదు పుస్తకములను, ప్రదర్శనముల పట్టికలను, శాసనపత్రములను ఆధారముగా గొనెను. పాత్రనుండి ఊహకు పోవుటకు బదులు పత్రమునుండి పాత్రకు వచ్చుట అతని మార్గము. 1991లో చార్లెస్ హజ్దమాక్ స్టౌర్‌బ్రిడ్జి ప్రాంతపు కర్మాగారముల ఆకృతిపుస్తకములను ఉపయోగించి ఆ మార్గమును విశాలపరచెను. చదువుటకు థార్పు ఎక్కువ హాయి. కొనబోవువానికి వేక్‌ఫీల్డు ఎక్కువ మేలు.

ఒక మాట థార్పు పక్షమునను చెప్పవలెను. పత్రములనే నమ్మువాడు పత్రము మిగిల్చినవారినే చూచును. జేకబ్సు సంతకము చేసెను గనుక నిలిచెను. గాజుకొలుములలో ఊదువాడు, పాదము పెట్టువాడు, సహాయకుడు, కాగిన పాత్రను మోసికొనిపోవు బాలుడు కలిసి ఒక ‘కుర్చీ’గా, అనగా ఒక జట్టుగా, పనిచేసెడివారు. వారిలో ఒక్కని పేరును పాత్రపై లేదు. వారి పనినైనను గుర్తింపగల సాధనము కన్నును చేయియును మాత్రమే. అట్టి కంటికి తర్ఫీదు అవసరము. అందుకు సంతకము గల పాత్రలను పదేపదే చేత పట్టిచూచుట కన్న వేరుదారి లేదు. 1937లో లండనులో ఏర్పడిన గాజుసేకర్తల మండలివారు పాత్రలను చేతులు మార్చుకొని చర్చించుట ఆచారముగా పెట్టుకొనిరి. కింగ్స్‌విన్‌ఫర్డులోని బ్రాడ్‌ఫీల్డు హౌసు గాజుమ్యూజియము 2015లో మూతబడెను. ఆ సంగ్రహమునకు 2022లో స్టౌర్‌బ్రిడ్జి గాజుమ్యూజియము నెలవైనది.

సముద్రము దాటలేని తెలుగువారికి హైదరాబాదులోని సాలార్‌జంగు మ్యూజియము కలదు. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాను సేకరించిన అపారవస్తుజాలమున ఐరోపా గాజు ఒక ముఖ్యభాగము; అందు ఇంగ్లండు గాజును కలదు. 1951లో ప్రజలకు తెరువబడి, 1968లో నేటి భవనమునకు మారిన ఆ మ్యూజియమున వెనిసు, బొహీమియా, ఫ్రాన్సు, ఇంగ్లండు దేశముల గాజును ఒకే కప్పుక్రింద పోల్చి చూచు సదుపాయము గలదు. సీసము గల గాజు కోతలలో వెలుగు ఎట్లు విరుగునో, సీసము లేని బొహీమియా గాజున రంగుపొరను చెక్కి లోపలి తెలుపును ఎట్లు బయటపెట్టిరో అచట ఒక పూటలో బోధపడును. పుస్తకము పది పుటలలో చెప్పలేనిది అది.

అట్టి సంగ్రహములకు చీటీలు వ్రాయువారు మూడు తరగతులను పాటించినచో చాలవరకు చిక్కు విడును. సంతకమో ముద్రయో యున్నచోట కర్త పేరు వ్రాయవలెను. సంతకము గల పాత్రతో ఆకృతి, బంగారుపని, బరువు మూడును కలిసినచోట ‘ఫలానావారి పద్ధతి’ అని వ్రాయవచ్చును. తక్కినచోట దేశమును కాలమును మాత్రము చెప్పవలెను. ఐజాక్ జేకబ్సు సంతకము గల గ్రీకుమెలికల గిన్నె ప్రక్కన, అదే కొలత, అదే నీలిమ గలిగి, అడుగున అక్షరములు లేని మరియొక గిన్నె నుంచినచో, మొదటిదానికి ‘బ్రిస్టలు, 1805 ప్రాంతము’ అనియు, రెండవదానికి ‘ఇంగ్లండు, 1800 ప్రాంతము’ అనియు చీటీ లుండవలెను. రెండవ గిన్నె అందమునకు దీనివలన కలుగు లోపమేమియు లేదు. తగ్గునది వెల మాత్రమే.